ఏప్రిల్ పెళ్ళికి ఒక్కతే సాక్షి

టవర్ కోట, లండన్
1564 అక్టోబరు 9

అక్కయ్యా,

నువ్వు విప్పేలోపే ఈ ఉత్తరాన్ని ఇంకొకరు విప్పి చదివి ఉంటారు. ముద్ర చెదిరి ఉంటే కంగారు పడకు. ఇక్కడి కోట అధికారి పెద్దమనిషే. నిన్న నా గదికి వచ్చి స్టూలు మీద కూర్చుని, "ప్రభువుగారూ, మీ అక్కగారికి రాసుకోండి. ఇల్లు, పొలం, ఒంట్లో బాగోగులు, వీటి గురించి ఎంతైనా రాయండి. విచారణ గురించి ఒక్క ముక్క రాసినా కాగితం పొయ్యిలో పెట్టేస్తాను. నా ఉద్యోగం నేను చూసుకోవాలిగా" అన్నాడు.

నేనిక్కడ ఖైదులో ఎందుకున్నానో లండన్‌లో చేపలమ్మేవాళ్ళకు కూడా తెలుసు. ఈ మాత్రం రాయవచ్చా అని అడిగే రాస్తున్నాను. రాణిగారికి వరసకు చెల్లెలయ్యే ఉర్సులాను, ఆవిడ అనుమతి లేకుండా, రహస్యంగా పెళ్ళి చేసుకున్నానని అంటున్నారు. రాణిగారికి పెళ్ళి లేదు, పిల్లల్లేరు. ఆవిడ తరువాత ఎవరు అనే మాట వచ్చినప్పుడల్లా జనం చెప్పుకునే నాలుగైదు పేర్లలో ఉర్సులా పేరొకటి. అలాంటి పిల్లను తాకడమంటే సింహాసనం కాలు పట్టుకుని లాగడమేనట. ఉర్సులా కూడా ఈ గోడల మధ్యనే ఇంకో బురుజులో ఉంది. ఆమె సంగతి ఈపాటికి నీకు తెలిసే ఉంటుంది.

నిన్ను అడగడానికి కూడా మనుషులు వస్తారు. వాళ్ళకు నాన్న మనకు నేర్పిన మాటే చెప్పు. ఇంతకంటే రాయలేను.

ఇక్కడ చెమ్మ ఎక్కువ. గోడకు చెయ్యి ఆనిస్తే తడి అంటుతోంది. నాన్నగారి గొర్రెతోలు కోటు పంపించు. ఉన్ని మేజోళ్ళు కూడా. పొట్టేళ్ళను ఈ ఏడు తొందరపడి అమ్మవద్దని పాలేళ్ళకు చెప్పు. నా డేగను పక్క ఊరి దొరకు ఇచ్చెయ్యి. ఎగరని డేగకు కొవ్వు పడుతుంది.

నీ చేతిలో పెరిగిన
ఆంబ్రోస్


హేజెల్‌కోట్ గడి, విల్ట్‌షైర్
1564 అక్టోబరు 24

నాయనా ఆంబ్రోస్,

ఉత్తరం చేరింది. ఏడ్చానని రాస్తే నువ్వు బాధపడతావు, ఏడవలేదని రాస్తే నమ్మవు. కాబట్టి ఆ సంగతి వదిలేద్దాం. కోటు, ఆరు జతల మేజోళ్ళు, ఒక జాడీ బేరిపళ్ళ పాకం పంపుతున్నాను. జాడీ మూత మైనంతో బిగించాను. అధికారిగారు అందులో కూడా ఉత్తరాలు వెతకాలనుకుంటే చెంచా పెట్టి వెతకమను, వేలు పెట్టవద్దని చెప్పు.

నువ్వు రాసినట్టే మనుషులు వచ్చారు. ఇద్దరు పెద్దమనుషులు, ఒక గుమాస్తా. పెద్దాయనకు కాలి వాపు, కుర్చీ కింద పీట వెయ్యాల్సి వచ్చింది. బీరు ఇచ్చాను, గొర్రె మాంసం వండించాను. తినేటప్పుడు ఎంతో మర్యాదగా ఉన్నారు. తిన్నాక బల్ల మీద బైబిలు పెట్టారు. నేను చెయ్యి పెట్టి, నాన్న నేర్పిన మాటే చెప్పాను. వెళ్తూ వెళ్తూ ఆ పెద్దాయన, "సూటిగా మాట్లాడే మనిషి మీరు. మా పని తేలికైంది" అన్నాడు. ఇక నువ్వు నిశ్చింతగా నిద్రపో.

ఇంకో మాట. చిన్నప్పుడు నీకు పాలు పట్టింది నేను, నడక నేర్పింది నేను, నీ జ్వరాలకు మేలుకున్నది నేను. రాణిగారి ఆస్థానానికి వెళ్తానంటే "వద్దురా, అక్కడ నవ్వినా నేరమే, నవ్వకపోయినా నేరమే" అన్నది కూడా నేనే. విన్నావా? సరే, ఇప్పుడెందుకులే. దెప్పడానికి కూడా నువ్వు ఎదురుగా ఉంటేనే బాగుంటుంది.

డేగను ఇచ్చేశాను. తీసుకెళ్తున్నవాడి చెయ్యి పొడిచింది.

అక్కయ్య
థామసిన్


టవర్ కోట
1564 నవంబరు 30

అక్కయ్యా,

నీ ఉత్తరం చదివిన రోజు నేను రెండు గిన్నెల గంజి తాగాను. కాపలావాడు ఆశ్చర్యపోయి, "ఇవాళ పండుగేమీ కాదే దొరా" అన్నాడు. నాకు పండుగే అన్నాను.

నీ మాట మా ముగ్గురినీ నిలబెట్టింది. ఎప్పుడో ఒకప్పుడు రాణిగారి కోపం తగ్గుతుంది. పెద్దవాళ్ళ కోపం వానలాంటిది, పడి పడి ఆగుతుంది. ఆగిన రోజున మేం తల ఎత్తుకుని బయటికి వస్తాం.

నీకొక రహస్యం రాస్తాను, అధికారిగారికి ఇది రహస్యం కాదు గనుక. పోయిన ఆదివారం ఆయన భార్య, "గాలి పీల్చుకోండి" అని నన్ను గోడ మీదికి పంపింది. చూస్తే అవతలి చివర ఉర్సులా నిలబడి ఉంది. మా మధ్య ముప్ఫై అడుగులు, ఇద్దరు కాపలావాళ్ళు. మాట్లాడకూడదన్నారు. తను దుప్పటి కాస్త పక్కకు తీసి పొట్ట మీద చెయ్యి వేసి చూపించింది. ఎంత పెరిగిందో అక్కయ్యా. ఫిబ్రవరిలో కాన్పు అంటున్నారు. ముఖం మాత్రం చిక్కిపోయింది. తనకు పుల్లటి ఆపిల్‌పళ్ళు తినాలని ఉందట, కాపలావాడి చేత చెప్పించింది. మన తోటలో ఆలస్యంగా కాసే చెట్టుంది కదా, వాటిని గడ్డిలో చుట్టి పంపించు. నాకు కాదు, తనకి.

మగపిల్లాడైతే నాన్న పేరు పెడదామనుకుంటున్నాను. ఆడపిల్లయితే ఉర్సులా ఇష్టం.

నీ ఆంబ్రోస్


హేజెల్‌కోట్
1564 డిసెంబరు 11

తమ్ముడూ,

అధికారిగారు ఈ కాగితాన్ని పొయ్యిలో పెడితే పెట్టనీ. నేను రాయకుండా ఉండలేను.

బిడ్డ సంగతి నాకెవరూ చెప్పలేదు. "ఆమె సంగతి నీకు తెలిసే ఉంటుంది" అని రాశావు. పట్టుబడిన సంగతి అనుకున్నాను. పల్లెలో పడి ఉన్నదాన్ని, నాకెవరొచ్చి చెప్తారు? వచ్చిన పెద్దమనుషులు కూడా ఆ మాట ఎత్తలేదు.

నేను వాళ్ళకు ఏం చెప్పానో విను. "పోయిన ఏడు ఏప్రిల్‌లో మీ ఇంట్లో పెళ్ళి జరిగిందా?" అన్నారు. జరగలేదన్నాను. "మీరు చూశారా?" చూడలేదన్నాను. బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్పాను.

నాన్న నేర్పిన మాట అదే కదా. నువ్వు అప్పటికి ఉయ్యాలలో ఉన్నావు, నాకు పన్నెండేళ్ళు. ముసలి రాజుగారు మఠాలు మూయించిన ఏడు అది. నాన్న ఇద్దరు సన్యాసులను మన ఆపిల్ అటక మీద దాచాడు. సైనికులు వచ్చి నన్ను పట్టుకుని అడిగారు. ఎవరూ రాలేదు, నేనేమీ చూడలేదు అని ప్రమాణం చేశాను. వాళ్ళు వెళ్ళాక నాన్న నన్ను దగ్గరికి తీసుకుని, "ప్రాణాలు నిలిపే మాటే నిజమమ్మా. ఎప్పుడు ఎవరడిగినా అంతే చెప్పు" అన్నాడు. నువ్వు ఉత్తరంలో "పెళ్ళి చేసుకున్నానని అంటున్నారు" అని రాశావు. పెళ్ళి జరగలేదని నువ్వు వాదిస్తున్నావనుకున్నాను. నేను నీ వెనక నిలబడ్డాననుకున్నాను.

మీ పెళ్ళి చేసిన పాస్టరు హాబ్డే ఆ ఎండాకాలమే ప్లేగుతో పోయాడు. ఆ ఉదయం మేడ మీది గదిలో మీ ముగ్గురూ కాక ఉన్నది నేనొక్కదాన్నే. నేను లేదంటే ఆ పెళ్ళి లేదు. పెళ్ళి లేకపోతే ఆ బిడ్డ…

రేపే బయలుదేరుతున్నాను. రోడ్లు బురద, నాలుగు రోజులు పడుతుందో ఆరు పడుతుందో. వెళ్ళి నిజం చెప్తాను. ఆపిల్‌పళ్ళు నాతోనే తెస్తున్నాను.

థామసిన్


టవర్ కోట
1565 జనవరి 20

థామసిన్‌కి,

నిన్న నన్ను మతపెద్దల ముందు నిలబెట్టి తీర్పు చదివారు. ఇక దాచేదేమీ లేదు గనుక అధికారి అడ్డు చెప్పడం లేదు. పెళ్ళి రుజువు కాలేదు. నేను వ్యభిచారిని. ఉర్సులా వ్యభిచారిణి. పుట్టబోయే బిడ్డ ఎవరికీ పుట్టని బిడ్డ.

నీ వాంగ్మూలం చదివారు. మొత్తం చదివారు. "పెళ్ళి జరగలేదు. నేను చూడలేదు." కింద నీ సంతకం. నాకు అక్షరాలు నేర్పిన చేతి సంతకం అది, వేరెవరిదో అనడానికి లేదు.

మేమిద్దరం మొదటి రోజునే ఒప్పుకున్నాం. రెండు గదుల్లో ఇద్దరినీ విడివిడిగా అడిగారు. ఇద్దరం తేదీతో, చెప్పిన మాటలతో సహా ఒక్కలాగే చెప్పాం. నీ నోట వచ్చే ఒక్క "అవును" మాత్రం మిగిలి ఉండింది.

నాన్న నేర్పిన మాట చెప్పానన్నావు. నా చిన్నప్పుడు డేగకు మేత వెయ్యడం మరిచి చంపుకున్నాను, గుర్తుందా? నక్క ఎత్తుకెళ్ళిందన్నాను. నాన్న నన్ను కొట్టి, "చూసింది చూసినట్టు చెప్పు. చేసింది చేసినట్టు చెప్పు" అన్నాడు. నాకు తెలిసిన నాన్న ఆయన. నీకింకో నాన్న ఉన్నాడేమో తెలియదు.

ఇక్కడివాళ్ళు ఏమనుకుంటున్నారో తెలుసా? నాకు వారసులు లేకపోతే హేజెల్‌కోట్ నీదే అవుతుందని. వాళ్ళ నోరు నేను మూయించలేదు.

ఇక రాయవద్దు.

ఆంబ్రోస్


కల్లంగడి వీధి, లండన్
1565 ఫిబ్రవరి 16

ఆంబ్రోస్,

రాయవద్దన్నావు. ఇదొక్కటి రాస్తాను.

డిసెంబరులో నీకు అంతా రాశాను. అది నీకు చేరలేదన్నమాట. నాకు తెలిసిన నాన్న వేరు. నా పన్నెండేళ్ళప్పుడు సైనికుల ముందు అబద్ధం చెప్పి రెండు ప్రాణాలు కాపాడాను. నువ్వు అదే చెప్పమన్నావనుకున్నాను. ఇప్పుడు ఎన్ని మాటలు రాసినా చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

నేను లండన్‌లో ఉండబట్టి రెండు నెలలైంది. మతపెద్దల కచేరీ వాకిట్లో పదకొండు రోజులు నిలబడితే లోపలికి పిలిచారు. ఆ రోజు ఉదయం మంచు పడుతోందని, ఉర్సులా నీలం గౌను వేసుకుందని, పాస్టరుగారు కళ్ళద్దాలు మరిచిపోయి పుస్తకం ముక్కుకు ఆనించి చదివారని, నువ్వు నవ్వు ఆపుకోలేకపోయావని, అంతా చెప్పాను. మధ్యలో కూర్చున్న పెద్దాయన ఓపిగ్గా విన్నాడు. విని, "అమ్మా, అప్పుడు ప్రమాణం చేసి చూడలేదన్నారు. ఇప్పుడు ప్రమాణం చేసి చూశానంటున్నారు. రెండిట్లో ఒకటి అబద్ధమేగా?" అన్నాడు.

"మొదటిది" అన్నాను.

"ఒకసారి అబద్ధ ప్రమాణం చేసినవారు రెండోసారి చెయ్యరని మేమెలా నమ్మాలి?"

ఆయన వెటకారంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగాడు. గుమాస్తా కలం పక్కన పెట్టేశాడు.

ఆపిల్‌పళ్ళు కోట గేటు దగ్గర ఇచ్చాను. తనకు చేరాయో లేదో తెలియదు.

నీకు కూతురు పుట్టింది. ఈ నెల ఎనిమిదిన. అధికారి భార్య స్వయంగా గేటు దాకా వచ్చి చెప్పింది. "జుట్టంతా మీ తమ్ముడిదేనండీ" అంది. పేరు ఫిలిప్పా. ఆడపిల్ల కదా, రాణిగారి కోపం తగ్గుతుందేమోనని పక్కనున్నావిడ అంటే, రొట్టెలమ్మే ముసలాయన నవ్వి, "సింహాసనం మీద కూర్చున్నది మగాడనుకున్నావా?" అన్నాడు.

హేజెల్‌కోట్ నాకెందుకురా? మొగుడు పోయినదాన్ని, పిల్లలు లేనిదాన్ని. నాకున్న పిల్లాడివి నువ్వొక్కడివే.

థామసిన్


సర్ జెర్వేస్ పెల్ గారి ఇల్లు, సఫోక్
1568 మార్చి 3

ఆంబ్రోస్,

మూడేళ్ళుగా నువ్వు రాయలేదు. నేను రాసినవి చదివావో లేదో తెలియదు. ఇది మాత్రం చదువు.

ఉర్సులా ఫిబ్రవరి 19న పోయింది.

బిడ్డ పుట్టిన ఏడు ఎండాకాలంలో, ఆమెనూ బిడ్డనూ టవర్ నుంచి ఈ ఇంటికి మార్చినప్పుడు, నేను సర్ జెర్వేస్ గారి దగ్గరికి వచ్చి తోడుగా ఉంటానని అడిగాను. ఆయన ముసలి సైనికుడు, మాట సూటి. "రావచ్చమ్మా. కానీ ఈ గుమ్మం లోపలికి వచ్చినవాళ్ళు రాణిగారి ఆజ్ఞ లేకుండా బయటికి పోలేరు. మీరూ ఖైదీయే అవుతారు" అన్నాడు. సరేనన్నాను. హేజెల్‌కోట్ తాళాలు పాలేళ్ళ పెద్ద చేతిలో పెట్టి వచ్చాను.

మొదటి నెలంతా ఉర్సులా నాతో మాట్లాడలేదు. నేను వండింది తినేది కాదు. బిడ్డను మాత్రం నా చేతికి ఇచ్చేది, తనకు ఒంట్లో ఓపిక లేక. ఒకరోజు బిడ్డకు పళ్ళు వస్తూ జ్వరం పట్టుకుంది. ఇద్దరం మార్చి మార్చి ఎత్తుకున్నాం. మూడో రోజు పొద్దున జ్వరం దిగింది. ఉర్సులా గోడకు ఆనుకుని కూర్చుని, "వదినా, మీరు అబద్ధం చెప్పింది ఆయన మీద ప్రేమతోనేనా?" అంది. అవునన్నాను. "నేనూ ఆయన మీద ప్రేమతోనే నిజం చెప్పాను. చూడండి, ఇద్దరం ఒకే గదిలో తేలాం" అంది. ఆ రోజు నుంచి నా చేతి వంట తింది.

జబ్బు పెద్దదేమీ కాదు. దగ్గు, సన్నటి జ్వరం. వైద్యుడు వచ్చి చూసి బయట సర్ జెర్వేస్ గారితో, "ఈమెకు బతకాలని లేదండీ, నేనేం చెయ్యను" అన్నాడు. చివరి వారం నీకు ఉత్తరం రాస్తానంది. కలం పట్టుకోలేకపోయింది. "మీరే రాయండి వదినా. నా భర్తకు అని రాయండి. ఇంకే పేరూ వద్దు. నాకు విచారం లేదని రాయండి. ఆ ఉదయం మళ్ళీ వస్తే మళ్ళీ అలాగే చేస్తానని రాయండి" అంది. రాశాను. కింద తన పేరు మొదటి అక్షరం తనే గీసింది. ఆ కాగితం దీనితోపాటు పెట్టాను.

ఇక్కడి చర్చిలో పూడ్చారు. రాయి మీద ఆమె పుట్టింటి పేరే చెక్కమని పై నుంచి ఆజ్ఞ.

ఫిలిప్పా ఇప్పుడు బాగా మాట్లాడుతుంది. నన్ను అత్త అంటుంది. సర్ జెర్వేస్ గారి గడ్డం లాగుతుంది. ఆయన కోపం నటిస్తాడు గానీ ఆ పిల్ల రాకపోతే అన్నం ముందు కూర్చోడు. అమ్మ ఏదని మొన్నటిదాకా అడిగేది. ఇప్పుడు అడగడం మానేసింది. అది నాకు ఇంకా కష్టంగా ఉంది.

థామసిన్


టవర్ కోట
1568 సెప్టెంబరు 14

అక్కయ్యా,

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఆరు నెలలు పోయాయి.

మార్చి చివర పాత అధికారి పదవి దిగిపోతూ నా గదికి వచ్చాడు. చొక్కా లోంచి ఒక కాగితం తీశాడు. "పొయ్యిలో పెడతానన్నాను గానీ చెయ్యి రాలేదు. ఇవ్వడానికి ధైర్యమూ చాల్లేదు" అన్నాడు. 1564 డిసెంబరు 11న నువ్వు రాసిన ఉత్తరం అది. తీర్పుకు నలభై రోజుల ముందుది. ఆ తరువాతి ఫిబ్రవరిలో నువ్వు లండన్ నుంచి రాసింది చదివినప్పుడు, నేను తిట్టాక నువ్వు అల్లిన కథ అనుకున్నాను. మూడేళ్ళు అలాగే అనుకున్నాను. నువ్వు సఫోక్ నుంచి రాసినవన్నీ విప్పకుండా పెట్టెలో వేశాను. ఆ రోజు కూర్చుని వరసగా అన్నీ చదివాను. ఉర్సులా నవ్వినవి, దగ్గినవి, బిడ్డ మొదటి అడుగు, అన్నీ ఆ పెట్టెలో ఉన్నాయి. ఆమె బతికి ఉండగా చదివి ఉంటే నాలుగు మాటలు రాసి ఉండేవాణ్ణి. ఈ తప్పు నీది కాదు అక్కయ్యా.

ఇప్పుడు అసలు సంగతి. రాణిగారి మంత్రుల దగ్గర నుంచి ఒకాయన వచ్చాడు. ఉర్సులా పోయింది గనుక ఇక భయం లేదట. నన్ను వదులుతారు. హేజెల్‌కోట్‌లో ఉండవచ్చు. పిల్లను నా ఇంట్లో పెంచుకోవచ్చు, ఒక అనాథను చేరదీసినట్టు. దానికొక కాగితం మీద సంతకం పెట్టాలి. పెళ్ళి జరగలేదని, ఆ పిల్ల నాకేమీ కాదని.

"పెట్టకపోతే?" అన్నాను.

"మీరు ఇక్కడే ఉంటారు. పిల్లను పెంచడానికి వేరే మంచి కుటుంబాన్ని చూస్తారు" అన్నాడు.

రెండు రోజులు పెట్టలేదు. ఉర్సులా పంపిన కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. "నా భర్తకు" అని ఉంది అందులో. మూడో రోజు సంతకం పెట్టాను. నువ్వు ఎలా పెట్టావో అలాగే పెట్టాను, బైబిలు మీద చెయ్యి వేసి. నిన్ను క్షమించానని రాసే అర్హత ఇక నాకు లేదు. నువ్వే నన్ను ఏమనుకుంటావో అనుకో.

ఒక పని చెయ్యాలి. నాతో వచ్చే మనిషి ఏడాదిపాటు మన ఇంట్లోనే ఉండి పైకి రాస్తుంటాడు. పిల్ల నోరు జారకూడదు. నన్ను ప్రభువుగారూ అని పిలవడం నేర్పించు. నేను వచ్చేలోపే నేర్పించు. నా ఎదురుగా నేర్పితే చూడలేను.

ఆంబ్రోస్


సర్ జెర్వేస్ పెల్ గారి ఇల్లు
1568 అక్టోబరు 2

తమ్ముడూ,

నీ ఉత్తరం వచ్చిన రోజునే మాకూ ఆజ్ఞ వచ్చింది. ఎల్లుండి బయలుదేరుతున్నాం. సర్ జెర్వేస్ గారు పొద్దుటి నుంచి లాయంలో గుర్రాలను తిడుతున్నాడు. పిల్ల వెళ్ళిపోతున్నందుకు గుర్రాలకు తిట్లు.

నిన్నేమీ అనుకోను. నువ్వు సంతకం పెట్టకపోతే ఆ పిల్లను నేనింక చూసేదాన్ని కాను. అంతవరకే ఆలోచిస్తాను, దాని అవతలికి వెళ్ళను. నువ్వూ వెళ్ళకు.

నువ్వు చెప్పినట్టే నేర్పాను. వాళ్ళమ్మ రోజూ కిటికీ దగ్గర నిలబెట్టి "నాన్న అదుగో, ఆ వైపు ఉన్నాడు" అని దక్షిణం చూపించేది, అందుకే కాస్త కష్టమైంది. హేజెల్‌కోట్‌లో ఒక ప్రభువుగారు ఉంటారని, మంచివారని, వంగి దణ్ణం పెట్టి ప్రభువుగారూ అని పిలవాలని చెప్పాను. నన్ను అత్త అనడం కూడా మాన్పించాలి కదా, అమ్మగారూ అనమన్నాను. "ఎందుకు?" అంది. పెద్ద ఇంటికి వెళ్తున్నాం కదా అన్నాను. నాలుగు రోజులకు రెండూ వచ్చాయి. ఇప్పుడు తడబడకుండా, గౌను రెండు చేతులతో పట్టుకుని, చక్కగా అంటోంది.

ఇవాళ మధ్యాహ్నం బట్టలు మడత పెడుతుంటే పక్కన కూర్చుని, "మరి నాన్న ఎప్పుడొస్తాడు?" అంది. ప్రభువుగారికి తెలుసేమో, వెళ్ళాక ఆయన్నే అడుగుదువుగాని అన్నాను. సరేనని తలూపింది.

అడుగుతుంది. ఆ పిల్ల మరిచిపోయే రకం కాదు. ఏం చెప్తావో దారిలో ఆలోచించుకుంటూ రా.

థామసిన్